జిన్నింగ్ మిల్లు మెయిల్: కొత్త సర్వర్ కొనాలా, క్లౌడ్‌కు పోవాలా?

దూది_లెక్కలు (ఆదోని)

అందరికీ నమస్తే. మాది ఆదోని. జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లు (పత్తిలో గింజ తీసి, దూదిని బేళ్లు కట్టేది), దాన్ని ఆనుకునే గింజల నూనె మిల్లు. మిల్లు మా మామగారిది. లెక్కలు, జీఎస్టీ, మెయిళ్లు, ఆఫీసులో కంప్యూటర్‌తో పడే పని ఏదైనా నాది. నేను చదివింది బీకాం, కాబట్టి జవాబు చెప్పేవాళ్లు కొంచెం విడమరిచి చెప్పండి.

మా మెయిల్ సర్వర్ ఆఫీసులోనే ఉంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్ఛేంజ్ 2016. మిల్లు పేరుతో సొంత డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు) ఉంది. హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వాళ్లు వచ్చి పెట్టి పోయినారు. 22 మెయిల్‌బాక్సులు చేసిచ్చినారు గానీ రోజూ వాడేది ఏడెనిమిది మందే. తూకం దగ్గర, గోడౌన్ దగ్గర ఉండేవాళ్లకు కూడా ఒక్కొక్కటి ఎందుకు ఇచ్చినారో నాకు ఇప్పటికీ తెలీదు. వాళ్లంతా వాట్సాప్‌లోనే ఉంటారు.

సర్వర్ అకౌంట్స్ గదిలో, బీరువా పక్కన. యార్డులో పత్తి దిగడం మొదలైన కాడి నుంచి దానికి కష్టకాలమే. తలుపు మూసినా, కిటికీకి ప్లాస్టిక్ కట్టినా దూది పీచు వస్తూనే ఉంటుంది. సర్వర్ ముందు జాలీ మీద అది కంబళి మాదిరి పేరుకుంటుంది. గోటితో ఒక మూల పట్టుకొని లాగితే ఒకే పొరగా ఊడొస్తుంది. లోపల ఫ్యాను రెక్కలకు చుట్టుకున్నది మాత్రం అట్ల రాదు, స్క్రూలు విప్పాల్సిందే. విప్పాలంటే ఆపాలి. ఆపితే మెయిల్ ఆగుతుంది. సీజన్‌లో క్యాండీ (దూది అమ్మే తూకం) రేటు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆఫర్ పోవాల్సిన గంటలో మెయిల్ లేకపోతే బేరం ఇంకొకరికి పోతుంది.

ఈమధ్య కొత్త రోగం మొదలైంది. కోయంబత్తూరు మిల్లులకు, గుంటూరు బ్రోకర్లకు బేళ్ల టెస్ట్ రిపోర్టులు పంపిస్తే (స్టేపుల్ అంటే పీచు పొడవు, మైక్రోనేర్ అంటే పీచు మందం, తేమ అవన్నీ ఉండేవి) కొన్ని తిరిగొస్తున్నాయి. కొన్ని పోతాయి గానీ స్పామ్‌లో పడతాయి. 'మెయిల్ పంపినాం సార్, స్పామ్ చూడండి' అని ఫోన్ చేసి చెప్పడం ఒక పనైపోయింది.

ఇదంతా చెప్తే హైదరాబాద్ వాళ్లు కొత్త సర్వర్‌కు, కొత్త లైసెన్సులకు కలిపి కొటేషన్ పంపినారు. మామగారు అది చూసి ఏం మాట్లాడలేదు, కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టినారు. క్లౌడ్ అని నేనంటే, 'మన బేరాల కాగితాలు ఎవరి మిషన్‌లోనో పెట్టేదేందమ్మా?' అంటారు. ఆయన మాట కూడా తీసేసేది కాదు. ఇంకోటి, మా లైన్ గాలీవానకు పోతుంది. కరెంటు సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

మా మాదిరి మిల్లుకు ఏది మేలు? అమ్మేవాళ్లు కాకుండా వాడేవాళ్లు చెప్తే బాగుంటుంది.

అనంత_నెట్ (అనంతపురం)

అక్కా, దీంట్లో ఆలోచించేదేముంది? ఎక్స్ఛేంజ్ 2016కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 2019కి కూడా అదే రోజు. ఆ సర్వర్ నెట్‌లో తెరిచి పెట్టుకోవడం అంటే గేటుకు తాళం లేకుండా మిల్లు వదిలేసి పోవడమే. గూగుల్‌దో మైక్రోసాఫ్ట్‌దో జోహోదో ఏదో ఒకటి తీసుకోండి, ఒక్క వారంలో అయిపాయ. జోహోలో అయితే 5 మంది దాకా ఉచితం కూడా ఉంది. ఉన్న ఎనిమిది మందిలో ముఖ్యమైన ఐదుగురికి అది ఇచ్చి, మిగతావాళ్లకు మామూలు జీమెయిల్ చాలు.

బురుజు (కర్నూలు)

అమ్మా, నేను అమ్మేవాణ్ణే. రాజ్‌విహార్ దగ్గర చిన్న ఆఫీసు. ఆస్పత్రులు, విత్తనాల కంపెనీలు, రైస్ మిల్లులు నా కస్టమర్లు. సర్వర్ అమ్మితే నాకు మిగిలేది ఎక్కువ, క్లౌడ్ అమ్మితే తక్కువ. ఇది తెలుసుకొని నా మాట తూచుకోండి. మీకు నేను చెప్పేది క్లౌడ్. కానీ తమ్ముడు చెప్పినట్టు ఏదో ఒకటి తీసుకొని వారంలో కాదు.

ముందు మీ తిరిగొస్తున్న మెయిళ్ల సంగతి చూద్దాం. సర్వర్ ఉంచినా తీసేసినా ఇది అర్థం కావాలి.

తిరిగొచ్చిన మెయిల్‌ను పారేయకుండా కిందిదాకా చదవండి. ఆ ఇంగ్లీషు మధ్యలో 550 5.7.25 అని ఉందేమో చూడండి. జీమెయిల్ నుంచి అది వస్తే అర్థం ఇది: మీ సర్వర్ ఒక ఐపీ నంబరు నుంచి మెయిల్ పంపింది, ఆ నంబరు ఎవరిదని వాళ్లు వెనక్కి విచారిస్తే పేరు దొరకలేదు. ఆ పేరు రాసి పెట్టే రికార్డును పీటీఆర్ అంటారు. దాన్ని రాయాల్సింది మీ డొమైన్ అమ్మినవాళ్లు కాదు, నెట్ లైన్ ఇచ్చినవాళ్లు. చిన్న ప్లాన్లలో చాలామంది రాయరు. మీకు స్టాటిక్ ఐపీ (మారని నంబరు) అని డబ్బు తీసుకొని కూడా ఇది రాసి ఉండకపోవచ్చు. లేదా మధ్యలో లైన్ మార్చినప్పుడు నంబరు మారి, పాత రికార్డు పాత నంబరు దగ్గరే ఉండిపోయి ఉంటుంది. 5.7.26 అని ఉంటే జబ్బు వేరు. ఆ మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు లేదని.

ఆ రుజువులు రెండు. ఎస్‌పీఎఫ్ అంటే 'మా పేరు మీద మెయిల్ పంపే హక్కు ఫలానా సర్వర్లకే ఉంది' అని డొమైన్‌లో రాసి పెట్టే వరుస. డీకిమ్ అంటే పోయే ప్రతి మెయిల్ మీద సర్వర్ పెట్టే సంతకం. ఈ రెండూ కుదరకపోతే ఆ మెయిల్‌ను ఏం చేయాలో చెప్పేది డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో గట్టిగా పట్టుకున్నాయి. రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకు మూడూ ఉండాలి. మీ మాదిరి చిన్నవాళ్లకు కూడా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటన్నా, దాంతోపాటు సరైన పీటీఆర్ ఉండాల్సిందే. మీ బ్రోకర్లంతా జీమెయిలే గదా, అందుకే అక్కడ తగులుకుంటున్నారు.

హైదరాబాద్ వాళ్లు మీకు చెప్పి ఉండని ముక్క ఒకటుంది. ఎక్స్ఛేంజ్ సర్వర్‌కు డీకిమ్ సంతకం పెట్టడం సొంతంగా రాదు. కొత్తది కొన్నా అంతే. దానికి ఇంకో సాఫ్ట్‌వేర్ తగిలించాలి, లేకపోతే పోయే మెయిళ్లను బయటి గేట్‌వే గుండా తిప్పాలి. అంటే ఆ కొటేషన్ మొత్తం కట్టినాక కూడా స్పామ్ ఫోన్లు మీకు తప్పవు.

ఇక ఆ కొటేషన్. 2016 నుంచి కొత్త ఎడిషన్‌కు ఉన్నచోటనే ఎక్కే దారి లేదు. 2025 జూలైలో వచ్చిన సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌ను వేరే మెషిన్ మీద పెట్టి, మెయిల్‌బాక్సులు దాంట్లోకి తరలించాలి. పేరులోనే ఉంది, అక్కడా ఏటేటా కట్టేది తప్పదు. ఒక్కసారి కొంటే సొంతమైపోతుందని మీ మామగారు అనుకుంటుంటే ఆ కాలం పోయింది. ఎక్స్ఛేంజ్ 2019 నుంచి మైక్రోసాఫ్ట్ సిఫార్సు చేసే మెమరీ 128 జీబీ. ఎనిమిది మంది వాడే మెయిల్‌కు అంత మెషిన్, దాన్ని దూది పీచులో పెట్టడం!

ఇవన్నీ డబ్బుతో తీరే సంగతులే. తీరనిది ఒకటుంది. 2021 మార్చి 2న మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్లకు అత్యవసరంగా ప్యాచ్‌లు (లోపాలు పూడ్చే అప్‌డేట్లు) ఇచ్చింది. ప్రాక్సీలాగాన్ అని పేరు పడింది దానికి. పాస్‌వర్డ్ అక్కర్లేకుండానే 443 పోర్టు (బయటినుంచి బ్రౌజర్లు, ఫోన్లు సర్వర్‌లోకి వచ్చే తలుపు) గుండా లోపలికి దూరే సందు. సొంత సర్వర్లు పెట్టుకున్నవాళ్లకే ఆ బెడద, మైక్రోసాఫ్ట్ తన ఆన్‌లైన్‌లో నడిపేదానికి లేదు. ప్యాచ్ వేసుకున్నా చాల్లేదు, ఎందుకంటే ప్యాచ్‌కు ముందే దూరినవాడు లోపల ఒక వెబ్‌షెల్ (బయటినుంచి సర్వర్‌ను నడిపించుకునే దొంగ ప్రోగ్రాం) దాచి పోతే తలుపు మూసినా వాడి తాళంచెవి వాడి దగ్గరే ఉంటుంది. అట్లాంటి రాత్రి మళ్లీ వస్తే మీ మిల్లులో లేచి కూర్చొని ఆ సర్వర్ చూసే మనిషి ఎవరు? హైదరాబాద్ వాళ్లు పొద్దున పదింటికి ఫోన్ ఎత్తుతారు. ఆ మనిషి జీతం మీద ఉంటే సర్వర్ కొనండి. లేకపోతే వద్దు.

నెట్ పోతే ఎట్ల అన్నారు. సొంత సర్వర్ ఉండి లైన్ పోతే, బయటినుంచి వచ్చే మెయిల్ పంపినవాళ్ల దగ్గరే నిలబడి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, చివరికి తిరిగిపోతుంది. క్లౌడ్‌లో అయితే అది చేరి మీకోసం ఉంటుంది. ఆఫీసు లైన్ పోయినా ఫోన్ హాట్‌స్పాట్ మీద తెరిచి చూసుకుంటారు.

22 బాక్సులకు అద్దె కట్టొద్దు. మనుషులకు వేరు, పనులకు వేరు. అమ్మకాలకు, కొనుగోళ్లకు, గోడౌన్‌కు ఉండే చిరునామాలు షేర్డ్ మెయిల్‌బాక్సులుగా (నలుగురు కలిసి చూసే బాక్సులు) పెట్టుకోవచ్చు. మైక్రోసాఫ్ట్‌లో 50 జీబీ దాకా షేర్డ్ బాక్సుకు వేరే లైసెన్సు అక్కర్లేదు. ఉత్త పేరు కోసమైతే అలియాస్ (ఉన్న బాక్సుకే ఇంకో చిరునామా) చాలు. తమ్ముడు చెప్పిన ఉచిత ప్లాన్ మీకు పనికిరాదు. దాంట్లో ఐమ్యాప్ (మెయిల్‌ను వేరే ప్రోగ్రాంలోకి తెచ్చుకునే దారి) లేదు, కాబట్టి అవుట్‌లుక్‌లోకి తెచ్చుకోలేరు, ఇంట్లో కాపీ పెట్టుకోలేరు. సగం మందికి మిల్లు డొమైన్, సగం మందికి జీమెయిల్ ఇస్తే ఇంకా ప్రమాదం. మిల్లు పేరుతో ఎవడు జీమెయిల్ తెరిచినా కోయంబత్తూరు వాళ్లు నమ్ముతారు.

ఏ క్లౌడ్ అంటే, ఆఫీసు అంతా అవుట్‌లుక్, ఎక్సెల్ మీద బతికితే మైక్రోసాఫ్ట్. ఫోన్‌లోనే ఎక్కువ చూస్తే గూగుల్. ఉత్త మెయిల్ చాలు, ఖర్చు తక్కువ కావాలంటే జోహో. ఈ మూడిట్లో ఏదైనా మీ పనికి సరిపోతుంది. దీనిమీద ఎక్కువ దినాలు పోగొట్టుకోవద్దు.

పోగొట్టుకోవాల్సింది డొమైన్ మీద. మీ మిల్లు డొమైన్ ఎవరి పేరు మీద, ఎవరి మెయిల్ ఐడీతో, ఎవరి ఫోన్ నంబరుతో ఉంది? ఈరోజే కనుక్కోండి. నేను చూసిన చిన్న కంపెనీల్లో సగానికి సగం అది సర్వర్ పెట్టిపోయిన కుర్రవాడి సొంత ఐడీ మీద ఉంటుంది. డొమైన్ చేతిలో ఉంటే రేపు ఏ క్లౌడ్ నచ్చకపోయినా ఎంఎక్స్ రికార్డు (మీ మెయిల్ ఏ సర్వర్‌కు పోవాలో డొమైన్‌లో చెప్పేది) మార్చి ఇంకో దగ్గరికి పోతారు. అది మీది కాకపోతే సర్వర్ మీ బీరువా పక్కన ఉన్నా ఆ మెయిల్ మీది కాదు. మీ మామగారి భయం సరైందే, భయపడాల్సిన చోటు అది.

గండికోట_సర్వర్లు (కడప)

బురుజు అన్న చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటా. మాది ఎర్రగుంట్ల వైపు ఫ్యాక్టరీ. దగ్గర దగ్గర ఆరు వందల మెయిల్‌బాక్సులు, అంతా సొంత సర్వర్లే. ఏసీ గది, జనరేటర్, మేం ఇద్దరం షిఫ్టుల్లో. లైన్ తెగినా లోపల ప్లాంట్ నుంచి స్టోర్స్‌కు, స్టోర్స్ నుంచి అకౌంట్స్‌కు మెయిల్ నడుస్తూనే ఉంటుంది. క్లౌడ్ అయితే పక్క టేబుల్‌కు పంపే మెయిల్ కూడా బయటికి పోయి రావాలి. ఇది ఎవరూ చెప్పరు.

క్లౌడ్ అనగానే ఇనప్పెట్టె అనుకోవద్దు. 2022 డిసెంబర్‌లో అమెరికాలో ర్యాక్‌స్పేస్ అనే కంపెనీ అద్దెకు నడిపే హోస్టెడ్ ఎక్స్ఛేంజ్ మీద ర్యాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాం) పడింది. కస్టమర్లను ఉన్నపళంగా వేరే చోటికి పంపించినారు, తర్వాత ఆ సర్వీసే మూసేసినారు. 2023లో మైక్రోసాఫ్ట్‌దే లాగిన్‌లకు సంతకం పెట్టే తాళంచెవి ఒకటి దొంగిలించి, దాంతో ఆన్‌లైన్ మెయిల్‌బాక్సులు చదివినారు. అమెరికా ప్రభుత్వ శాఖలవి కూడా ఉన్నాయి దాంట్లో. అక్కడ ఏమైందో కస్టమర్‌కు వాళ్లు చెప్తేనే తెలుస్తుంది. నా సర్వర్ అయితే లాగ్ (ఎప్పుడు ఏం జరిగిందో సర్వర్ రాసుకునే చిట్టా) నేనే తెరిచి చూస్తా.

అద్దె లెక్క కూడా వేయండి. నెలకు ఒక బాక్సుకు ఎంతో, దాన్ని బాక్సుల సంఖ్యతో, 60 నెలలతో గుణించండి. రేటు వాళ్ల చేతిలో, మన చేతిలో కాదు. ఎక్స్ఛేంజే ఎందుకు, ఉచిత మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లు పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ ఉన్నాయి, మెయిల్‌కౌ ఉంది. లైసెన్సు ఖర్చు సున్నా. డీకిమ్ సంతకం మెయిల్‌కౌలో దాంతోపాటే వస్తుంది.

బురుజు (కర్నూలు)

తమ్ముడూ, మీ ఫ్యాక్టరీకి నువ్వు చెప్పింది సరైందే. నేను వచ్చినా మార్చమని చెప్పను. ఆరు వందల మందికి ఇద్దరు మనుషులు, అది లెక్కకు వస్తుంది. ఎనిమిది మందికి నువ్వొకడివి వస్తావా? ఉచిత సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు ఖర్చు లేదు, నడిపే మనిషి ఖర్చు ఉంది. ఈ అమ్మ జీఎస్టీ రిటర్న్ వేస్తూ మధ్యలో లినక్స్ అప్‌డేట్ చేయాలా?

లాగ్‌లు అన్నావు కాబట్టి అది కూడా చెప్తా. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం హ్యాకింగ్ మాదిరి సంఘటన తెలిసిన 6 గంటల్లో వాళ్లకు చెప్పాలి. సిస్టమ్ లాగ్‌లు 180 రోజులవి దగ్గర పెట్టుకోవాలి. కంపెనీలకూ వర్తిస్తుంది. నువ్వు చేస్తావు, నీకు అదే ఉద్యోగం. ఒక మిల్లులో లాగ్ ఎక్కడుంటుందో ఎవరికి తెలుసు?

ర్యాక్‌స్పేస్ సంగతి మాత్రం బాగా గుర్తు చేసినావు. అమ్మా, ఇది వినండి. క్లౌడ్ అని పేరు పెట్టుకొని, వెబ్‌సైట్‌తోపాటు మెయిల్ ఉచితం అని అమ్మే చిన్న హోస్టింగ్‌లు ఉన్నాయి. వాటి జోలికి పోవద్దు. ఒకే ఐపీ మీద వందల మంది ఉంటారు. వాళ్లలో ఒకడు స్పామ్ పంపితే ఆ నంబరు స్పామ్‌హౌస్ మాదిరి నిరోధ జాబితాలోకి పోతుంది, మీ టెస్ట్ రిపోర్ట్ దాంతోపాటు పోతుంది.

ఇంకో సంగతి. సర్వరా క్లౌడా అనే గొడవలో ఎవరూ పట్టించుకోనిది, డబ్బు నిజంగా పోయేది ఇక్కడే. నా కస్టమర్ ఒకాయన, విత్తనాల వ్యాపారం. మెయిల్ క్లౌడ్‌లోనే. ఆయనకు రావాల్సిన డబ్బును కొన్నవాళ్లు వేరే అకౌంట్‌లో వేసినారు. 'మా బ్యాంకు మారింది, ఇకనుంచి ఈ అకౌంట్‌కు వేయండి' అని ఆయన బాక్సు నుంచే మెయిల్ పోయింది. పాత ఇన్‌వాయిస్, అదే లెటర్‌హెడ్, ఐఎఫ్ఎస్‌సీ ఒక్కటే వేరు. నేను పోయి ఆయన సెట్టింగ్స్‌లో రూల్స్ తెరిచి చూస్తే ఒక రూల్ ఉంది. దాని పేరు ఉత్త చుక్క. పేమెంట్, ఇన్‌వాయిస్ అనే మాటలున్న మెయిల్ వస్తే చదివినట్టు గుర్తు పెట్టి ఆర్ఎస్ఎస్ ఫోల్డర్‌లో పడేయమని. ఆ ఫోల్డర్ ఎవడు తెరుస్తాడు? కొన్నవాళ్లు 'అకౌంట్ మారిందా సార్?' అని అడిగిన మెయిల్ కూడా దాంట్లోనే పడుంది, దానికి 'అవును' అని జవాబు పోయింది. ఆయనకు ఏదీ తెలీదు.

పాస్‌వర్డ్ ఏదో దొంగ లాగిన్ పేజీలో కొట్టి ఉంటారు. రెండో తాళం లేదు. ఫోన్‌కు కోడ్ వచ్చే టూ స్టెప్ పెట్టి ఉంటే ఉత్త పాస్‌వర్డ్‌తో వాడు లోపలికి వచ్చేవాడు కాదు. కాబట్టి క్లౌడ్‌కు పోయిన రోజే అందరికీ టూ స్టెప్ పెట్టించండి, మామగారితో సహా. కొన్నవాళ్లకు ఇప్పుడే చెప్పండి: అకౌంట్ నంబరు మెయిల్‌లో మారదు, మారితే మామగారి గొంతుతో ఫోన్ వస్తుంది. ఒకవేళ డబ్బు పోతే బ్యాంకు మేనేజర్ కోసం తెల్లారేదాకా కూర్చోవద్దు, వెంటనే 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫోన్. డబ్బు ఇంకా అకౌంట్లు మారుతున్నంతలో పట్టుకుంటేనే ఆపగలరు.

దూది_లెక్కలు (ఆదోని)

అందరికీ చాలా థ్యాంక్స్. బురుజు సార్ చెప్పినట్టు తిరిగొచ్చిన మెయిళ్లు తీసి చూసినా. 550 5.7.25 అనే ఉంది. లైన్ వాళ్లకు ఫోన్ చేస్తే పీటీఆర్ అంటే ఏందని నన్నే అడిగినారు.

డొమైన్ సంగతి ఇంకా విచిత్రం. రెన్యూవల్ బిల్లు ఏటా మేమే కడుతున్నాం, రిజిస్ట్రేషన్ మాత్రం హైదరాబాద్ కంపెనీలో ఎప్పుడో మానేసి పోయిన ఒకాయన ఐడీ మీద ఉంది. ఇది విన్నాక మామగారు కొటేషన్ సంగతి పూర్తిగా మర్చిపోయి దీనిమీద పడినారు. ఆ కంపెనీ యజమానితో స్వయంగా మాట్లాడినారు. మార్చి ఇస్తామన్నారు.

క్లౌడ్‌కు మామగారు సగం ఒప్పుకున్నట్టే. ఆయన అడిగేవి రెండు. సర్కారు వాళ్లు యాడ పెట్టుకుంటారు వాళ్ల మెయిళ్లు? మన కాపీ మన దగ్గర ఉంటుందా? జీఎస్టీకి కూడా రికార్డులు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి, బేరం మాట మెయిల్‌లోనే ఉంటుంది కాబట్టి నాకు కూడా పాతవి కావాలి.

అనంత_నెట్ (అనంతపురం)

మొదటిదానికి నేను చెప్తా అక్కా. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు దాదాపు 12 లక్షల మంది మెయిల్ జోహో వేదిక మీదికి మార్చినారు. చిరునామాలు మాత్రం గవ్ డాట్ ఇన్, నిక్ డాట్ ఇన్ అని పాతవే. డొమైన్ సర్కారు చేతిలోనే ఉంచుకొని మెయిల్ నడిపే పని బయటివాళ్లకు ఇచ్చినారు, బురుజు సార్ చెప్పిన లెక్కే. జోహోకు డేటా సెంటర్లు ముంబై, చెన్నైలో ఉన్నాయి. మైక్రోసాఫ్ట్‌వి కూడా 2015 నుంచి పుణె, చెన్నై, ముంబైలో ఉన్నాయి. మామగారికి చెప్పండి.

బురుజు (కర్నూలు)

బాగా చెప్పినావు.

కాపీ సంగతి. క్లౌడ్‌లో ఉంది కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే అనుకుంటారు. కాదు. మీ గుమాస్తా ఒకడు ఉద్యోగం మానేసే ముందు బాక్సు మొత్తం తుడిచి పోతే, ట్రాష్ గడువు దాటినాక వాళ్లు కూడా తెచ్చియ్యలేరు. ఒక మామూలు కంప్యూటర్, దాంట్లో రెండు డిస్కులు చాలు. రాత్రిపూట ఐమ్యాప్ గుండా అన్ని బాక్సులూ కాపీ చేసుకునేట్టు పెట్టొచ్చు. ఇమ్యాప్‌సింక్ అనే ప్రోగ్రాం ఉంది, మీ ఊళ్లో కంప్యూటర్ షాపు కుర్రవాడికి చూపిస్తే పెట్టేస్తాడు. అది పీచు పట్టి ఆగినా మీ మెయిల్ ఆగదు. దాన్ని అకౌంట్స్ గదిలో కాదు, మీ ఇంట్లో పెట్టండి. మామగారు కావాలంటే చేత్తో ముట్టుకొని చూసుకోవచ్చు.

మార్చేది ఎప్పుడంటే, యార్డులో పత్తి తగ్గినాక, ఎండాకాలంలో. అప్పటిదాకా ఒక పని వెంటనే చేయించండి. రౌటర్‌లో 443 పోర్టు బయటినుంచి మూసేయించండి. ఆఫీసు బయట ఫోన్లలో మెయిల్ రాదు, కొంచెం ఇబ్బందే. బయటినుంచి తప్పదంటే వీపీఎన్ (మీవాళ్లకు మాత్రమే తెరుచుకునే దారి) పెట్టించుకోండి. సపోర్ట్ అయిపోయిన సర్వర్‌ను లోకానికి తెరిచి పెట్టి సీజన్ గడపడం కంటే ఆ ఇబ్బంది మేలు.

మార్పు క్రమం ఇట్ల. డొమైన్ మీ పేరు మీదికి వచ్చినాకే మిగతాది మొదలుపెట్టండి. పాత మెయిళ్లు ముందే, మెల్లగా, రాత్రిపూట పైకి ఎక్కించండి. మీ లైన్‌లో అప్‌లోడ్ ఎంతో చూసుకోండి, అదే ఎక్కువ కాలం తీసుకుంటుంది. ఎంఎక్స్ మార్చే ముందురోజు ఆ రికార్డు టీటీఎల్ (పాత జవాబును మిగతా సర్వర్లు గుర్తుంచుకునే కాలం) 300 సెకన్లకు తగ్గించండి. శనివారం రాత్రి మార్చండి. ఎస్‌పీఎఫ్‌లో కొత్త వాళ్ల పేరు రాసి పాతది తీసేయండి. రెండు ఎస్‌పీఎఫ్ వరుసలు విడివిడిగా ఉంటే రెండూ చెల్లవు, ఇది చాలామంది చేసే పని. డీకిమ్ వాళ్ల ప్యానెల్‌లోనే ఆన్ చేయాలి, అక్కడ వాళ్లిచ్చే తాళంచెవి (కీ) డొమైన్‌లో అతికించాలి. డీమార్క్ మొదట్లో ఏదీ ఆపకుండా రిపోర్టులు మాత్రం వచ్చేట్టు పెట్టండి, అంతా కుదురుకున్నాక గట్టి చేయొచ్చు. పాత సర్వర్‌ను వెంటనే ఆపొద్దు. దారి తప్పిన మెయిళ్లు కొన్ని ఇంకా అక్కడికే పోతుంటాయి. తర్వాత దాన్ని అమ్మేటప్పుడు డిస్కులు పీకి మీ దగ్గర పెట్టుకొని ఉత్త డబ్బా అమ్మండి.

దూది_లెక్కలు (ఆదోని)

రాసుకున్నా సార్. ఇదే ప్రింట్ తీసి మామగారి టేబుల్ మీద పెట్టినా. చివరిగా ఒక్కటి. మా స్కానర్, ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) రెండూ ఇప్పుడు ఈ సర్వర్ గుండానే మెయిల్ పంపుతాయి. తూకం చీటీ స్కాన్ చేసి బటన్ నొక్కితే నేరుగా పార్టీకి పోతుంది. అది ఆగిపోతే గేటు దగ్గర లారీలు నిలబడతాయి. టూ స్టెప్ పెడితే స్కానర్‌కు కోడ్ ఎవరు కొడతారు?

బురుజు (కర్నూలు)

మంచి ప్రశ్న, ఇదే అందరూ చివరి రోజు కనుక్కుంటారు. గూగుల్‌లో, జోహోలో యాప్ పాస్‌వర్డ్ అని ఉంటుంది. స్కానర్ కోసం ఒకటి, ట్యాలీ కోసం ఒకటి వేరువేరుగా తయారు చేసుకోండి. మామూలు పాస్‌వర్డ్ బదులు దాన్ని అక్కడ కొట్టాలి, కోడ్ అడగదు. మైక్రోసాఫ్ట్ తీసుకునేట్టయితే ముందు వాళ్లను అడగండి. పాత పద్ధతి లాగిన్‌లను వాళ్లు ఒక్కొక్కటే మూసుకుంటూ వస్తున్నారు, మీ స్కానర్ పాతదైతే అక్కడ తంటా. మీ మిల్లులో స్కానర్‌కు, ట్యాలీకి ఉన్న అవసరం చూస్తే ఈ ఒక్క కారణానికే నేను జోహో లేదా గూగుల్ అంటా.

స్కానర్‌కు సొంతంగా ఒక బాక్సు ఇవ్వండి, మీ బాక్సు పాస్‌వర్డ్ దాంట్లో పెట్టొద్దు. స్కానర్ సెట్టింగ్స్‌లో పోర్టు 25 అని ఉంటే 587కో 465కో మార్చి టీఎల్ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా కాపాడేది) ఆన్ చేయండి. టీఎల్ఎస్ అనే మాటే మెనూలో లేకపోతే ఆ స్కానర్‌తో ఇది కుదరదు. అప్పుడు స్కాన్‌ను మీ కంప్యూటర్ ఫోల్డర్‌లోకి పడేట్టు పెట్టి, అక్కడినుంచి పంపించుకోండి. ఈ వారంలో ఒకసారి మెనూ తెరిచి చూసి, ఆ స్కానర్ మోడల్ నంబరు ఇక్కడ పెట్టండి, చెప్తా.